వదినను పేరు పెట్టి పిలిచే ఆట

మా మనవరాలు కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. ఊరికి పోయినప్పుడల్లా ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు, "మీ పాప ఎన్ని గోల్లు ఏసిందమ్మా?" అని. గోలు వేయడం ఆమె పని కాదని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ఆమె పాయింట్ గార్డు. బంతిని నేలకు తట్టుకుంటూ ముందుకు తీసుకురావాలి, మిగతా నలుగురిలో ఎవరు ఎక్కడికి పోవాలో అరిచి చెప్పాలి, ఎవరి ముందు సందు కనబడితే వాళ్లకు బంతి అందించాలి. మిగతావాళ్లకు కాళ్లూ చేతులూ ఉంటే చాలు. ఈమెకు నోరు కూడా కావాలి. ఆ నోటితోనే మాకు రెండేళ్లుగా ప్రాణం విసిగిపోయింది.

నేను అక్షరాలు నేర్చింది తల నెరిసిన తర్వాత. సాగదీసి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెప్పి ముగిస్తాను.

మాది కురబలకోట పక్కన పల్లె. గొర్రెలున్నాయి, కొంచెం టమోటా తోట ఉంది. పొద్దున లేస్తే పిల్లకు జడ వేసి బడికి పంపే తీరిక ఇంట్లో ఎవరికీ లేక, ఆరో తరగతిలో పుంగనూరు హాస్టల్ బడిలో వేశాం. అక్కడ ఆటల మేడమ్ ఒకామె ఉండేది. మా పాప పొట్టిది. పొట్టిపిల్లలను ఈ ఆటలోకి ఎవరూ రానివ్వరట. కానీ బంతి ఈమె చేతికి అంటుకున్నట్టు ఉంటుందని ఆ మేడమ్ పట్టుబట్టి ఆడించింది. నేను వేరుశెనగ ఉంటలు కట్టుకుని చూడ్డానికి పోతే, ఉంటలు పక్కనపెట్టి బంతి ఎట్లా తడుతుందో చూపించేది. మేడమ్ మాత్రం అప్పుడే అన్నది, "చెయ్యి మంచిదమ్మా, నోరే లేవదు" అని. ఆడపిల్లకు నోరు లేవకపోవడం కూడా లోపమేనా అని నేను నవ్వి వచ్చేశాను.

ఆ మేడమ్‌ను చూసి చూసి మా పాపకు ఒకటే పట్టు పట్టుకుంది. తానూ ఆమె మాదిరి బడిలో ఆటల టీచర్ కావాలి. మెడలో విజిల్ వేసుకోవాలి. ఇంకేం చెప్పినా చెవికెక్కదు.

తర్వాత మదనపల్లెలో డిగ్రీకి చేరింది. నా కొడుకు ఒక గది బాడుగకు తీసి, బియ్యం మూటతో పాటు నన్ను కూడా అందులో దించిపోయాడు, వంట చేసి పెట్టడానికి. దించుతూ కూతురికి ఒక మాట చెప్పాడు.

"సూడు పాపా. యూనివర్సిటీ టీములో ఆడినట్టు కాగితం ఉంటే ఆ టీచర్ సదువుకు సీటు సులబంగా వస్తాదని మీ సార్లు సెప్తాండారు. సరే. రెండో సంవత్సరం దాకా సూస్తా. ఆ టీములో ఎక్కితివా, నీ ఇష్టం. ఎక్కకుంటే బంతి ఇంట్లో పెట్టి, నేను సెప్పిన సదువు సదవల్ల."

ఆమె సరేనంది. నాకు అప్పుడు తెలియదు, ఆ రెండేళ్లూ నా నెత్తిన పడతాయని.

సాయంత్రం పూట వంట చేసేసి నేనూ గ్రౌండుకు పోయి మెట్ల మీద కూర్చునేదాన్ని. గదిలో గోడలు చూస్తూ ఎంతసేపు కూర్చోను? మొదటి రోజే అర్థమైంది, ఇది సాగేది కాదని. జట్టులో మిగతా నలుగురూ ఈమెకంటే ఏడాది పెద్ద. మా ఇంట్లో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే పళ్లు రాలతాయి. అందుకని ఈమె బంతి పట్టుకుని "అక్కా" అని అరిచేది. నలుగురూ తిరిగి చూసేవాళ్లు. ఏ అక్కో తెలియక నలుగురూ ఆగిపోయేవాళ్లు. ఈలోపు ఎదుటివాళ్లు బంతి గుంజుకుపోయేవాళ్లు.

జట్టును ఆడించే పీడీ సారు విజిల్ ఊది ఆట ఆపాడు.

"ఎవర్ని పిలుస్తున్నావమ్మా?"

"పొడుగక్కను సార్."

"పొడుగక్కకు పేరు లేదా?"

"ఉండాది సార్. నాకంటే పెద్దది గదా సార్."

సారు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ ఇంట్లో పిల్లలకు నోరు ఇవ్వలేదా?"

"ఇచ్చినాము సార్. పెద్దోళ్ల మీద లేపొద్దని సెప్పినాము."

"గ్రౌండులో పెద్దవాళ్లు లేరు. పేరు పెట్టి పిలువు. ఏమే అన్నా, పోవే అన్నా పరవాలేదు. లేకపోతే ఇంకో పిల్లను పెట్టుకుంటాను."

మరుసటి రోజు ఈమె కొత్త ఉపాయం కనిపెట్టింది. ఊరి పేరు తగిలించి పిలవడం. "రామసముద్రమక్కా, కిందికి రా అక్కా" అని మొత్తం అనేసరికి బంతి అవతలి చివర బుట్టలో పడి, కింద కూడా పడి, దొర్లుతా ఉండేది. సారు తల పట్టుకుని నా పక్కన మెట్ల మీద కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ ఈమె నన్ను అడిగింది.

"అవ్వా, నాకు పెద్దోళ్లను పేరు పెట్టి పిలిసేది అలవాటు గావల్ల. నిన్ను పిలిసి సూస్తా."

"పిలువు. నోట్లో పండ్లు ఎన్ని మిగలతాయో సూస్తాము."

రెండు రోజులు బతిమాలింది. మూడో రోజు తలుపు మూసి సరే అన్నాను. అప్పటినుంచి నేను చీపురు పట్టుకుంటే "ఏయ్, ఎడమ పక్కకు పో" అనేది, నా పేరు పెట్టి. నీళ్ల బిందె ఎత్తుకుంటే "నిద్రపోతాండావా, కదులు" అనేది. మొదట్లో ఆ పేరు నోట్లోనే మింగేసేది. వారం పోయేసరికి బాగానే పలికింది. నా పేరుతో నన్ను ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో. అమ్మా, అవ్వా, అత్తా తప్ప నాకు పేరుందని నేనే మరిచిపోయాను. అది వేరే సంగతి.

తలుపు మూస్తే మాత్రం గొంతు ఆగుతుందా? ఇంటి ఓనరమ్మ నన్ను కొళాయి దగ్గర పట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా ఇది? మనవరాలు పేరు పెట్టి తిడతాండాది, నువ్వు సెప్పినట్టల్లా తిరగతాండావు. కొడుకుతో సెప్పు. లేకుంటే నేను సెప్తా."

"అది ఆటమ్మా."

"ముసిలోళ్లను తిట్టే ఆట యాడైనా ఉంటాదా?"

ఉంది. దాన్నే మా పాప యూనివర్సిటీ దాకా ఆడాలనుకుంటోంది. ఆమెకు ఎంత చెప్పినా నమ్మలేదు. వీధిలో నలుగురికీ చెప్పి నన్ను దిక్కులేనిదాన్ని చేసింది.

సరే, ఫలితం దక్కింది. రెండో సంవత్సరం మొదలయ్యేసరికి ఈమె నలుగురినీ పేర్లు పెట్టి, వెనకాల "మే" తగిలించి ఉరికించేది. జట్టు రెండు మూడు చోట్ల గెలిచింది. పొడుగుపిల్లకు, ఈమెకు బాగా కుదిరింది. ఆ పిల్లను సెంటర్ అంటారు, బుట్ట కింద నిలబడేది. ఈమె అరుస్తుంది, ఆ పిల్ల కదులుతుంది, బంతి పోతుంది, బుట్టలో పడుతుంది. కుప్పంలో కాలేజీలన్నిటి పోటీ ఉంది, అక్కడే యూనివర్సిటీ జట్టుకు పిల్లలను ఏరుతారు, ఇద్దరికీ చోటు ఖాయం అని సారు నాతోనే అన్నాడు.

ఇప్పుడు నా మనవడి గురించి చెప్పాలి. మా పాపకు అన్న. టమోటా బాక్సులు మార్కెట్‌కు తోలే పికప్ బండి నడుపుతాడు. అన్నకు పోయిన పొడుగులో చెల్లెలికి పిడికెడు కూడా మిగల్లేదు. వాడికి రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. ఏ పిల్లను పక్కన నిలబెట్టినా వాడి మోచేతికి వస్తుంది. నేను రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని చూస్తున్నది ఏమిటి? ఆరడుగుల పిల్లను. రామసముద్రం దగ్గర సేద్యం చేసేవాళ్ల పిల్ల. మావాళ్లే. చివరి సంవత్సరం. ఎండలో పనిచేసిన చేతులు, మాటకు మాట నవ్వు. నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు ఇంటిపేరు అడిగాను, వాళ్లమ్మ పుట్టిల్లు అడిగాను. అన్నీ కుదిరాయి. ఇంకేం కావాలి? కొడుకుకు ఫోన్ చేశాను. రెండు పక్కలా పెద్దలు పోయి వచ్చారు. పిల్లవాడు పిల్లను చూశాడు, పిల్ల పిల్లవాణ్ణి చూసింది. నీకు ఇష్టమేనా అని అందరి ముందూ అడిగితే ఆ పిల్ల, "సరే. పరీచ్చలు అయినాకే" అంది. వక్కాకు మార్చుకుని మాట ఖాయం చేసుకున్నాం. వేసవిలో లగ్నం పెట్టారు.

దీంట్లో నేను చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి సంబంధం కళ్ల ముందు గెంతుతూ ఉంటే కళ్లు మూసుకోమంటారా? కానీ ఆ సంగతి చెప్పిన రోజు మా పాప అన్నం పళ్లెం కింద పెట్టేసింది.

"అవ్వా, జిల్లాలో ఇంతమంది ఆడపిల్లలు ఉండారు. నా సెంటరే దొరికిందా నీకు?"

"పొడుగుండాది."

"పొడుగు నాకు గావల్ల. అన్నకు యాల?"

"వదిన అవుతాది. మాట మర్యాదగా ఉండల్ల ఇంక. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పెండ్లి అయ్యేదాకా ఆపక్కోల్లు నీ నోరే సూస్తాంటారు."

ఆ మాట నేను చెప్పాను. చెప్పాల్సిన మాటే. ఆమె దాన్ని తీసుకెళ్లి గ్రౌండులో పరిచింది. మరుసటి రోజు నుంచి పేరు పోయింది, మే పోయింది. "వదినా, కొంచెం ఇట్ల వస్తావా" వచ్చింది. ఆ పొడుగుపిల్ల కూడా తక్కువ తినలేదు. నిన్నటిదాకా మోచేతులతో పొడిచి దారి చేసుకునే పిల్ల, ఆడబిడ్డ ఎదురొస్తే సిగ్గుపడి పక్కకు జరగడం మొదలుపెట్టింది. బంతి ఇద్దరి మధ్యలోంచి బయటికి పోయేది. మిగతా ముగ్గురికీ ఇది పండగ.

"ఏమ్మే, బంతంతా మీ వదినకేనా?"

"ఇంగొక అన్న ఉంటే సూపీమ్మే, మాకూ బంతి వస్తాది."

సారు ఈసారి గ్రౌండులో తల పట్టుకోలేదు. నేరుగా గదికే వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గడప దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, సంబంధం చూసుకోవడానికి మీకు నా టీమే దొరికిందా? ఏడాది కష్టపడి ఆ పిల్లకు నోరు తెప్పించాను. మీరు ఒక్క పూటలో మూసేశారు. కుప్పం అయిపోయాక కుదుర్చుకోకూడదా?"

"మంచి సంబంధం కాసుకోని ఉంటాదా సార్? టీ తాగుతారా?"

తాగాడు. గ్లాసు పెట్టి పోతూ, "కుప్పంలో ఆ పిల్ల అరవకపోతే కూర్చోబెట్టేస్తాను. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు.

కుప్పం పోయాం. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో నేను, నా కొడుకు. జట్టు ముందురోజే పోయింది. అక్కడ చూస్తే వియ్యాలవారు కూడా దిగి ఉన్నారు. పిల్ల తండ్రి, తల్లి, రామకుప్పం నుంచి పిల్ల మేనమామ. ఏనుగులు రాగిచేలో పడుతున్నాయని ఆ మేనమామకు మూడు రోజులుగా నిద్ర లేదట. వచ్చి మెట్ల మీద కూర్చుని, మొహాన తువ్వాలు కప్పుకుని నిద్రపోయాడు. అతనే నయం. మిగతా ఇద్దరూ కళ్లు పెద్దవి చేసుకుని సరిగ్గా గీత పక్కన కూర్చున్నారు, పిల్లలు పిలిస్తే పలికేంత దగ్గరగా. అవతల షామియానా కింద బల్ల వేసుకుని ముగ్గురు కూర్చున్నారు. ఏరేది వాళ్లే.

ఆట మొదలైంది. మా పాప బంతి తెచ్చింది. నోరు తెరిచింది. గీత పక్కన వియ్యపురాలు కనబడింది. నోరు మూసింది. పొడుగుపిల్ల చుట్టూ ఇద్దరు కమ్ముకుని ఉన్నా మర్యాదకు బంతి ఆ పిల్లకే ఇచ్చింది. పోయింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ అట్లాగే. "వదినా" అనే మాట కూడా గట్టిగా రావడం లేదు. షామియానా కింద ఒకాయన వాచీ చూసుకున్నాడు. సారు అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఈమెను పిలిచి కూర్చోబెట్టి ఇంకో పిల్లను పంపాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి బెంచీ దగ్గరికి పోయాను. తువ్వాలు తల మీద వేసుకుని కూర్చుని ఉంది.

"నోట్లో ఏం పెట్టుకున్నావమ్మే?"

"ఏం సెప్పేది అవ్వా? వాల్లమ్మ ఆడ్నే కూసోనుండాది. పెండ్లి అయ్యేదాకా నోరు జాగర్త అని నువ్వే గదా సెప్పింది."

"నేను సెప్పింది ఇంట్లో. ఈడ గాదు."

"ఇంటిని ఈడికి తెచ్చింది ఎవురు?"

అంతలో విరామం విజిల్ పడింది. పొడుగుపిల్ల చెమటలు కక్కుకుంటూ వచ్చింది. నీళ్ల సీసా తీసుకుంది. తాగలేదు. ఆ సీసాతోనే మా పాప భుజం మీద పొడిచింది.

"ఏమే, నోరు పడిపోయిందా నీకు? ఎనకాల ఎవురుండారో నాకు కనపడతాదా? నువ్వు సెప్పకుంటే నేను యాడికి పోవల్ల? రేపు కాపురం సేసేది మీ అన్నతో. ఈడ నేను నీకు వదినా గాదు, నువ్వు నాకు మరదలూ గాదు. అరుస్తావా, లేదా?"

అంత గట్టిగా అంది. వాళ్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కాబోయే ఆడబిడ్డను తన కూతురు అంత మాట అన్నదే అని. ఆ తల్లిని చూసి నాకు జాలి కూడా వేసింది. కానీ అప్పటికే మా పాప తువ్వాలు తీసి విసిరేసి సారు ముందు నిలబడింది. "పంపియ్యండి సార్" అంది. సారు పంపాడు.

ఇక చూడాలి. అన్నాళ్లుగా మూసిపెట్టినదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఆ పిల్లను పేరు పెట్టి, "యాడ సూస్తాండావే, దున్నపోతు మాదిరి నిలబడుకోని? కిందికి దిగు" అని అరిచింది. గ్రౌండంతా వినబడింది. పొడుగుపిల్ల దిగింది. బంతి పోయింది. బుట్టలో పడింది. మేనమామ తువ్వాలు తీసి, "ఏనుగులు వచ్చినాయా?" అన్నాడు.

వియ్యపురాలు నా వైపు తిరిగింది.

"ఏం పెద్దమ్మా, ఇదేనా మీ ఇంటి మర్యాద? తాళి పడకముందే దున్నపోతు అంటాండాది. ఆడబిడ్డ అర్ధమొగుడంటే ఇన్నాను. మీ పాప నిండు మొగుడైపోయింది."

"మీ పాప మొదలు ఏమే అనలేదా? నా సెవులు బాగానే ఉండాయి."

"మా పాప బాదతో అన్నాది."

"మా పాప బంతితో అన్నాది."

అట్లా ఆమె ఒకటి, నేను ఒకటి. పక్కన జనం చప్పట్లు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు. రెండేళ్లు నేను ఏ ఆట కోసం నా పేరు తిట్టించుకున్నానో, ఆ ఆట నా కళ్ల ముందు జరుగుతూ ఉంటే, నేను వియ్యపురాలి మొహం చూస్తూ కూర్చున్నాను. తల తిప్పేసరికి అయిపోయింది. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు. మొదటి సగంలో పోగొట్టింది రెండో సగంలో పూర్తిగా రాలేదని సారు చెప్పాడు.

సాయంత్రం పేర్లు చదివారు. పన్నెండు మందిలో పొడుగుపిల్ల పేరు ఉంది. మా పాప పేరు లేదు. చివర్లో "స్టాండ్‌బై" అని ఒక పేరు చదివారు. అది ఈమెది.

నా కొడుకు సారును పట్టుకున్నాడు. "స్టాండ్‌బై అంటే ఏంది సార్? ఉన్నట్టా లేనట్టా?"

"క్యాంపుకు పోతుంది. ఎవరైనా రాకపోతే ఆ చోటు ఈ పిల్లకు వస్తుంది. రెండో సగం ఆడినట్టు మొదటి సగం ఆడి ఉంటే..." అని సారు నన్ను చూసి ఆపేశాడు. నన్ను చూడాల్సిన పనేముంది?

అప్పుడు క్యాంపు, పోటీ ఎప్పుడని అడిగారు. సారు చెప్పాడు. సరిగ్గా లగ్నం నడుమ పడింది. అందరం మొహాలు చూసుకున్నాం. ముందుగా వియ్యపురాలు తేరుకుంది. గొంతు మెత్తగా చేసుకుంది.

"పోనీలే పెద్దమ్మా, అన్నీ మంచికే. మా పాపకు పెండ్లుండాది, ఆమె పోదు. ఆ సోటు మీ పాపకే వస్తాది. మాటా మాటా అనుకున్నాము, మరిసిపోదాము."

నా కొడుకు మొహం వికసించింది. "సరిపాయె. ఇద్దరికీ సరిపాయె" అన్నాడు. ఆ ఇద్దరు పిల్లలూ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు.

"నాకొద్దు" అంది మా పాప.

"ఏందొద్దు?"

"వదిన సోటు నాకొద్దు. వదిన పోకుంటే నేనూ పోను."

"మంచిది, పోవాకు" అన్నాడు వాళ్ల నాన్న. "టీములో ఎక్కకుంటే బంతి ఇంట్లో పెట్టల్ల అని ముందే సెప్పినా. ఎక్కేదానికి దావ ఉండి ఎక్కను అంటే ఇంకా సులబం. రేపే పెట్టెయ్."

పొడుగుపిల్ల బూట్లు చూసుకుంటూ, "నన్నొక మాట అడిగితే బాగుంటాది" అంది.

"లగ్నం పెట్టుకున్నాక నిన్ను అడిగేదేముండాది?" అంది వాళ్లమ్మ.

బస్సులో మా పాప నా పక్కన కూర్చుంది. పలమనేరు దాకా నా లెక్క నేను వేసుకుంటున్నాను. నేను ఊరికే ఉంటే చాలు. లగ్నం దాని రోజున అది జరుగుతుంది, వాడికి పొడుగుపిల్ల వస్తుంది, ఈమెకు చోటు వస్తుంది. ఊరికే ఉండటం కన్నా తేలిక పని ఇంకొకటి లేదు. ఈ పిల్లకు ఎందుకు ఎక్కదో అర్థం కాలేదు.

"వదిన లేకుంటే నీకేం నష్టమమ్మే? ఆడ ఇంకొక పొడుగుపిల్ల ఉండదా?" అని అడిగాను.

"ఉంటాది అవ్వా. ఆ పాపను తిట్టేదానికి నాకు మళ్లీ ఏడాది పడతాది." కిటికీ అద్దం మూసింది. "అదీ గాక, వదిన సోటులో నేను పోయి ఆడొస్తే, ఆ కాగితం మనింట్లోనే గోడకు పెడతాము. ఆ యమ్మ దినామూ దాని కింద సంగటి కెలకల్ల. కెలకతాదా?"

పెళ్లి కుదిర్చింది నేను. ఆ గోడ సంగతి ఆమెకు తట్టింది. ఇంక నిద్ర పట్టే మాట లేదు. పుంగనూరు వచ్చేసరికి ఏం చేయాలో తేల్చుకున్నాను, తిట్టుకుంటూనే.

ముందు మా పంతులు దగ్గరికి పోయాను. మధ్యలో ముహూర్తాలు లేవు, ఆషాఢం దాటాలి, శ్రావణంలో ఉంది అన్నాడు. నా కొడుకుకు చెప్తే గొర్రెల కొట్టం దగ్గర నుంచి ఇంటిదాకా అరిచాడు. అరవనిచ్చాను. ఇంట్లో పెద్దదాన్ని నేను. మనవడైతే బండి దగ్గరే నిలబడి అడిగాడు.

"అవ్వా, నా పెండ్లికి లగ్నం పీడీ సారు పెడతాడా?"

"పెట్టినాడు. పోయి టమోటాలు దించు."

తర్వాత రామసముద్రం. వియ్యపురాలు మంచం వేసింది, నీళ్లిచ్చింది, నేను వచ్చిన పని చెప్పగానే లేచి నిలబడింది.

"బందువులందరికీ సెప్పినాము. ఇప్పుడు లగ్నం మారిస్తే నలుగురు ఏమంటారు?"

"ఆ నలుగురూ అన్నం తినిపొయ్యేటోళ్లు. శావణంలో పెట్టినా తింటారు."

"ఆటకోసం పెండ్లి ఆపుకున్నోల్లు యాడైనా ఉండారా పెద్దమ్మా?"

"ఇప్పుడు మనముండాము."

ఆమె చాలా సేపు గొణిగింది. చివరికి ఒక షరతు పెట్టింది. మా పాప ఇంకెప్పుడూ వాళ్ల పిల్లను తిట్టకూడదని నేను మాట ఇవ్వాలట. నేను నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి పిల్ల గొంతు వచ్చింది.

"తిట్టకుంటే నేను ఆడలేనమ్మా."

"ఇంట్లో తిట్టదు. ఆ మాట ఇస్తా" అన్నాను. "గ్రౌండులో నా సేతిలో లేదు. సారు సేతిలో కూడా లేదు."

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఒక్క మాట మాట్లాడని పిల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు. "సరే అత్తా. శావణమే" అని తోటకు పోయాడు. ఆ మాట గంట ముందు అని ఉంటే నాకు ఇంత నొప్పి ఉండేది కాదు.

ఇద్దరూ క్యాంపుకు పోయారు. పోటీకి బయలుదేరే ముందు ఎవరో పిల్లకు జ్వరం తగిలి మా పాప పన్నెండులోకి ఎక్కింది. ఎక్కి ఏం లాభం? రోజూ ఫోన్ చేసి "బెంచీ మీదే అవ్వా" అనేది. ఆ యూనివర్సిటీ జట్టులోనే ఉన్న ఇంకో పాయింట్ గార్డు దిట్టమైన పిల్లట, పక్కకు రావడం లేదట. ఆడకుండా వచ్చేస్తే కాగితం సంగతి ఏమిటని నా కొడుకు నన్ను తినేశాడు. నన్ను అడిగితే నాకేం తెలుసు?

చివరి మ్యాచ్ రోజు పొద్దుపోయే వేళకు ఫోన్ వచ్చింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టలేకపోయాను. బొంగురుపోయి, సగం మాటలు గాలిలోనే పోతున్నాయి.

"అవ్వా, ఆ ఇంకో గార్డు పాపకు అయిదు ఫౌల్లు అయినాయి. బయటికి పంపేసినారు. నన్ను దించినారు."

"గెలిసినారా?"

"ఓడిపోయినాము."

"మరి యాల నగుతాండావు?"

ఫోన్ పొడుగుపిల్ల లాక్కుంది. "అవ్వా, మీ పాప నన్ను ఏమేమి తిట్టిందో సెప్తే మా యమ్మ ఈ జన్మలో నన్ను మీ ఇంటికి పంపదు" అని పడి పడి నవ్వింది. వెనకాల ఎవరో ఇంకో భాషలో అరుస్తున్నారు, విజిళ్లు మోగుతున్నాయి.

నా కొడుకు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "దిగి ఆడినావు గదా? ఎంతసేపైనా సరే. పేరు రాసుకున్నారా?" అన్నాడు. రాసుకున్నారని, కాగితం ఇస్తామన్నారని ఆ బొంగురు గొంతు చెప్పింది.

"సరే. ఆ టీచర్ సదువుకు అర్జీ ఎప్పుడు పెట్టల్లో మీ సారును అడుగు" అని ఫోన్ పెట్టేశాడు.

అంతే. బాగా ఆడినావు అనలేదు. తిన్నావా అనలేదు. నేను గొంతుకు మిరియాల పాలు తాగమని చెప్పాలనుకున్నాను, ఏ బస్సుకు వస్తున్నారో అడగాలనుకున్నాను. మళ్లీ చేయించి చూస్తే ఇద్దరి ఫోన్లూ స్విచ్చాఫ్.